ఇంట్లో ఆల్చిప్పలు కాల్చడానికి ఏ పెంక కొనాలి?

మీ ప్రశ్న ఇదీ: అమెరికా నుంచి మీ బావమరిది వస్తున్నాడు. అక్కడ సముద్రపు ఆల్చిప్పలు (ఆయిస్టర్లు) కాల్చుకుని తినడం అలవాటై, ఇక్కడ మహబూబ్‌నగర్‌లో కూడా చేసిపెట్టమంటున్నాడు. మీరు ఆన్‌లైన్‌లో రెండు చూశారు. ఒకటి పన్నెండు గుంటలున్న ఆల్చిప్పల పెనం, ఇంకోటి గీతలున్న నాన్‌స్టిక్ గ్రిల్ పెనం. ఈ రెండింట్లో ఏది కొనాలి, లేకపోతే ఇంట్లో ఉన్నవాటితోనే పని జరిగిపోతుందా అని అడిగారు.

రెండూ వద్దు. అంచు ఉన్న మందపాటి కాస్ట్ ఐరన్ (బీడు ఇనుము) పెంక, 10 నుంచి 12 అంగుళాలది ఒకటి తెచ్చుకోండి. అందులో దొడ్డుప్పు పరిచి, ఆ ఉప్పులో ఆల్చిప్పలు కుదురుగా పెట్టి, మీద ఏదైనా లోతు గిన్నె బోర్లించండి. గ్యాస్ పొయ్యి మీద ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. డాబా మీద బొగ్గులతో చేసేట్టయితే పెంక కూడా అక్కర్లేదు, గట్టి స్టీలు జాలీ చాలు.

నేను చెఫ్‌ని కాదు. దుబాయ్‌లో ఒక హోటల్లో 9 ఏళ్లు గ్రిల్ దగ్గర నిలబడి పనిచేశాను. మొదటి ఏడాదిన్నర నా పని ఆల్చిప్పలు రుద్ది కడగడం, విప్పడం, అంతే. మాకు ఎక్కువగా ఫుజైరా వైపు దిబ్బా అనే ఊళ్లో సముద్రంలో పెంచేవి వచ్చేవి. (ఊరి పేరు నిజంగానే దిబ్బా. ఫోన్‌లో చెప్తే మా నాయిన, "దిబ్బ మీద దొరికినవి తింటరారా వాళ్లు?" అన్నాడు.) ఇప్పుడు హాలియా దాటాక సాగర్ రోడ్డు మీద చిన్న హోటల్ నడుపుకుంటున్నాను. రోజూ కాల్చేది చేపలే. ఆల్చిప్పలు మాత్రం ఏడాదికి రెండు మూడుసార్లు, ఎవరైనా తెప్పించుకుని మోసుకొస్తే చేసిస్తాను.

ఇక ఆ పెంకే ఎందుకంటే, ఆల్చిప్పకు వండుకునే గిన్నె దాని ఒంటి మీదే ఉంటుంది. మాంసం పెంకకు తగలనే తగలదు. కింది చిప్ప లోతుగా ఉంటుంది, పై చిప్ప మూతలాగా బల్లపరుపుగా ఉంటుంది. ఆ లోతులో మాంసంతో పాటు ఒక చెంచాడు ఉప్పునీళ్లుంటాయి. అది ఉడికేది ఆ నీళ్లలోనే, రుచి ఉన్నదీ ఆ నీళ్లలోనే. కాబట్టి పెంక నుంచి మనకు కావలసినవి రెండే: చిప్ప ఒరిగి నీళ్లు ఒలికిపోకూడదు, చల్లటి చిప్పలు పడ్డా పెంక వేడి దిగిపోకూడదు.

రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. డజను ఆల్చిప్పలంటే తేలిగ్గా కిలో దాకా తూగుతాయి. అందులో ఎక్కువ భాగం చిప్పే, అదీ ఐసులోంచి అప్పుడే తీసింది. పల్చటి అల్యూమినియం పెంక మీద అన్నీ ఒకేసారి పెడితే పెంకే చల్లారిపోతుంది. చిప్పలు ఒక్కొక్కటి ఒక్కో టైముకు తెరుచుకుంటాయి. చివరిది తెరుచుకునేసరికి మొదటిది రబ్బరు ముక్క అయిపోతుంది. మందపాటి ఇనుము అయితే తాగిన వేడిని అంత తొందరగా వదలదు.

అయితే బీడు ఇనుముతో ఒక తంటా ఉంది. వేడిని పట్టి ఉంచుతుంది కానీ పక్కలకు తొందరగా పాకనివ్వదు. చిన్న బర్నర్ మీద పెట్టి మంట పెంచేస్తే నడుమ భగభగ, అంచుల్లో గోరువెచ్చన. అందుకని పెద్ద బర్నర్ మీద, నడిమి మంటలో, ఉప్పుతో సహా ఒక 15 నిమిషాలు ఓపిక పట్టాలి. ఉప్పుకు జానెడు ఎత్తులో అరచెయ్యి పెడితే నాలుగు లెక్కపెట్టేలోపే తీసేయాలనిపించాలి. అప్పుడు పెట్టండి చిప్పలు.

ఉప్పు సంగతి. 12 అంగుళాల పెంకకు అర అంగుళం మందాన పరవాలంటే కిలో దాకా పడుతుంది. ఆవకాయకు తెచ్చే దొడ్డుప్పే తీసుకోండి. మెత్తటి ప్యాకెట్ ఉప్పు వద్దు, చిప్ప తెరుచుకోగానే లోపలి నీళ్లలోకి రాలి నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా అవుతుంది. దొడ్డుప్పులో తడి ఉంటే చిటపటమని ఎగురుతుంది, కాబట్టి చిప్పలు పెట్టకముందే ఆ 15 నిమిషాలూ మధ్యమధ్య గరిటెతో కలుపుతూ వేయించండి. చిటపట ఆగిందంటే తడి పోయినట్టే. వాడిన ఉప్పు దాచుకోవద్దు. ఆ నీచు వాసన ఎంత వేయించినా పోదు.

ఇక్కడ మా ఇంట్లో జరిగింది చెప్పాలి, ఎందుకంటే మీరూ అదే చేస్తారని నా అనుమానం.

దుబాయ్ నుంచి వచ్చేసిన ఏడాది, దోస్తులు ఇద్దరు ఐసు పెట్టెలో రెండు డజన్లు తెచ్చారు. కొత్త పెంక ఎందుకులే అని, అమ్మ జొన్నరొట్టెల పెంక తీసుకుని డాబా ఎక్కాను. ఇరవై ఏళ్లుగా రొట్టెలు కాల్చీ కాల్చీ నల్లగా, నున్నగా, ముఖం కనబడేలా ఉండేది ఆ పెంక. ఆల్చిప్పలు బ్రహ్మాండంగా కుదిరాయి. తిన్నాం, కబుర్లలో పడ్డాం, తడి ఉప్పుతో సహా పెంకను అక్కడే వదిలేసి పడుకున్నాం. తెల్లారి ఉప్పు దులిపితే, చిప్ప పెట్టిన చోటల్లా ఎర్రటి తుప్పు గుండ్రాలు, గాజులు పరిచినట్టు. అమ్మ ఏమీ అనలేదు. కడిగి పొయ్యి మీద పెట్టి రొట్టె వేసింది. అది అంటుకుపోయి, తీస్తే మూడు ముక్కలయింది. ఆ మూడు ముక్కలూ నా పళ్లెంలో వేసింది. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో అన్నమే, రొట్టె మాటే లేదు. పెంక మళ్లీ దారికి రావడానికి రెండు నెలలు పట్టింది.

అందుకే చెప్తున్నా, రొట్టెల పెంక జోలికి పోవద్దు. పైగా రొట్టెల పెంకకు అంచు ఉండదు, ఉప్పు నిలవదు. దీనికి వేరేది కొనండి. కాల్చడం అయిపోయి పెంక కాస్త చల్లారగానే ఉప్పు దులిపేసి, వేడినీళ్లతో కడిగి, మళ్లీ పొయ్యి మీద పెట్టి తడి లేకుండా ఆరబెట్టి, పల్లినూనె గుడ్డతో ఒక తుడుపు తుడవండి. ఆ రాత్రే చేయాలి, తెల్లారాక అంటే కుదరదు.

మీరు చూసినవాటి గురించి. గుంటల ఆల్చిప్పల పెనం చెడ్డదేం కాదు. హోటళ్లకు సరిపోతుంది, వాళ్లకు ఒకే సైజు సరుకు వస్తుంది కాబట్టి. మీకు కొచ్చి వైపు నుంచి వచ్చే మన దేశపు ఆల్చిప్పలు ఒకటి నిమ్మకాయంత, ఒకటి చెప్పంత ఉంటాయి. పెద్దవి గుంటలో కూర్చోవు, చిన్నవి లోపల పడి ఊగుతుంటాయి. ఉప్పుకు ఆ గొడవ లేదు, ఎంతది పెడితే అంత గుంట అదే చేసుకుంటుంది. పైగా ఆ పెనం మిగతా 364 రోజులూ అటక మీదే.

నాన్‌స్టిక్ మాత్రం అసలే వద్దు. ఆ పూత 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలై, ఇంకా వేడెక్కితే పొగలు వదులుతుంది, ఆ పొగ పీల్చకూడదు. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద కొన్ని నిమిషాలు వదిలేస్తే చాలు, ఆ వేడి వచ్చేస్తుంది. మనం ఇక్కడ చేసేదే ఖాళీ పెనాన్ని కాగబెట్టడం. ఆల్చిప్ప అంచు కూడా రంపంలాగా ఉంటుంది, రెండుసార్లు జరిపితే పూత లేచిపోతుంది. ఆ గీతలు దేనికంటే మాంసం మీద నల్లటి చారలు పడటానికి. చెప్పానుగా, ఇక్కడ మాంసం పెనానికి తగలదు.

మట్టి మూకుడు గురించి కూడా కొందరు అడుగుతుంటారు. మంట మీద కాగిన మట్టి మీద ఐసులోంచి తీసిన చిప్ప పెడితే ఫట్‌మని పగులుతుంది. నాది పగిలింది.

పొంగనాల పెంక? గుంటలు మరీ చిన్నవి, చూడటానికే బాగుంటుంది.

కొత్తగా ఏమీ కొనకుండా చేయాలంటే ఇడ్లీ పాత్ర ఉంది. ఇది నేను ఒట్టి మాటగా చెప్పడం లేదు. విప్పే చాకు లేనివాళ్లకు, మొదటిసారి చేసేవాళ్లకు నేను ముందు ఇదే చెప్తాను. స్టీలు ఇడ్లీ ప్లేట్ల గుంటల్లో చిన్న, నడిమి సైజు చిప్పలు చక్కగా కూర్చుంటాయి. లోతు చిప్ప కిందికి, మూత చిప్ప పైకి. అడుగున నీళ్లు మరుగుతున్నప్పుడు ప్లేట్లు దించి మూత పెడితే ఆవిరికి 5 నిమిషాల నుంచి మొదలుపెట్టి తెరుచుకుంటాయి. పెద్దవైతే 9 నిమిషాలు పట్టొచ్చు. తెరుచుకున్నవాటి పై చిప్ప తీసేసి, కాసింత వెన్న, వెల్లుల్లి వేసి, అప్పుడు వేడి పెంక మీదికో బొగ్గుల మీదికో మార్చండి. కాల్చిన వాసన వస్తుంది, చాకుతో చెయ్యి కోసుకునే పని తప్పుతుంది. అసలు కాల్చినదానికీ దీనికీ తేడా లేదా అంటే ఉంది, కొంచెం. మీ బావమరిది కనిపెడతాడేమో కానీ పక్కింటివాళ్లు కనిపెట్టరు. ఇడ్లీ ప్లేటును మాత్రం నేరుగా నిప్పుల మీద పెట్టొద్దు. అల్యూమినియందైతే 660 డిగ్రీలకు కరిగిపోతుంది, గాలి తగిలిన బొగ్గు ఆ వేడికి చేరగలదు.

బొగ్గుల మీద అయితే ఎలా అంటే. మన వైపు సర్కారు తుమ్మ బొగ్గు సులువుగా దొరుకుతుంది, వేడి బాగా నిలుస్తుంది, దానితో నాకు ఏ ఫిర్యాదూ లేదు. మంట పూర్తిగా తగ్గి, బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర కమ్మాక చిప్పలు పెట్టాలి. జాలీ స్టీలుది కానీ, పూత లేని ఇనుప కడ్డీలది కానీ అయి ఉండాలి. హార్డ్‌వేర్ షాపులో తళతళలాడే జింకు పూత జాలీ చవగ్గా వస్తుంది, దాన్ని కాల్చడానికి వాడకండి. ఎర్రటి నిప్పు మీద ఆ పూత పొగ అవుతుంది. అది కోళ్ల గూటికి పనికొచ్చే సరుకు, తిండికి కాదు. కడ్డీల మధ్య ఒక వేలు సందు ఉంటే చిప్ప దానంతటదే కుదురుకుంటుంది. అయినా ఊగేవాటి కింద ఉండచుట్టిన అల్యూమినియం ఫాయిల్ పెట్టండి.

కుంపటిని నాపరాళ్ల మీద నేరుగా పెట్టొద్దు, వేడికి రాయి పెచ్చులు లేచి ఎగురుతుంది. కింద రెండు వరసల ఇటుకలు పేర్చండి. వాన వస్తోందని కుంపటిని ఇంట్లోకి, మెట్ల గదిలోకి తేవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే పడేస్తుంది.

ఇంకో మాట, గ్యాస్ అయినా బొగ్గు అయినా. చిప్ప పొరల్లో నీళ్లు ఇరుక్కుని ఉంటాయి. అవి ఆవిరై దారి దొరక్కపోతే చిప్ప పెంకులుగా పేలుతుంది. పెద్దగా ఏం కాదు కానీ కంట్లో పడితే ప్రమాదం. దుబాయ్‌లో మాకు కళ్లద్దాలు తప్పనిసరి, ఇక్కడ బండి నడిపేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలు చాలు. పొడుగు పట్టకారు వాడండి, పిల్లల్ని మీదికి వంగనివ్వకండి. పెంక మీద గిన్నె బోర్లించమన్నదానికి ఇదీ ఒక కారణం. రెండో కారణం, గ్యాస్ మీద వేడి కింది నుంచే వస్తుంది, మూత ఉంటేనే పైన కూడా ఉడుకుతుంది.

టైము: వేడెక్కిన ఉప్పు మీద మూతతో 6 నుంచి 10 నిమిషాల్లో చిప్పలు సన్నగా నోరు తెరుస్తాయి. అప్పుడు పై చిప్ప ఊడదీసి, నీళ్లు ఒలక్కుండా మసాలా వేసి, మళ్లీ మూత పెట్టి ఇంకో 3 నుంచి 5 నిమిషాలు. మాంసం అంచులు లంగా కుచ్చిళ్లలాగా ముడుచుకుంటే అయినట్టు. మిగతావన్నీ తెరుచుకున్నాక కూడా మూసుకునే ఉన్నదాన్ని చాకుతో విప్పి తినొద్దు, పారేయండి. మసాలా మీ ఇష్టం. నేనైతే ఎండాకాలంలో వెన్న, నూరిన పచ్చిమిర్చి, నాలుగు రెబ్బల చింతచిగురు వేస్తాను. నిమ్మకాయ పిండటం కంటే అది బాగుంటుంది.

మీరు అడగలేదు కానీ పెంకకంటే ముఖ్యమైనది సరుకు. బతికున్న ఆల్చిప్ప మూసుకుని ఉంటుంది. కొంచెం తెరుచుకుని ఉన్నా, వేలితో తడితే మూసుకుంటుంది. మూసుకోనిది చచ్చినట్టు, తీసేయండి. ఐసు పెట్టెలో తడిగుడ్డ కప్పి, 5 డిగ్రీల లోపు, లోతు చిప్ప కిందికి ఉండేలా పెట్టాలి. కుళాయి నీళ్లలో నానబెడితే చస్తాయి, కవర్లో గాలాడకుండా కట్టేసినా చస్తాయి. మన వైపు మే నెల ఎండ 43, 44 డిగ్రీలుంటుంది. హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్ 100 కిలోమీటర్ల పైచిలుకే అయినా, కారు డిక్కీలో ఐసు లేకుండా తెచ్చినవాటిని నేనైతే ముట్టను. ఫ్రీజ్ చేసి సగం చిప్పలో వచ్చేవి కూడా దొరుకుతాయి. వాటికి తెరుచుకునే పరీక్ష వర్తించదు. ఫ్రిజ్ కింది అరలో కరగనిచ్చి, బుడగలు వచ్చేదాకా బాగా కాల్చి తినాలి.

బావమరిది అక్కడ పచ్చివి తిని ఉంటాడు, ఇక్కడ కూడా పచ్చిగా ఒకటి రుచి చూద్దామంటాడు. ఒప్పుకోకండి. విబ్రియో అనే సూక్ష్మజీవి గోరువెచ్చటి సముద్రపు నీళ్లలో ఉంటుంది, నిమ్మకాయ పిండితేనో సారా, విస్కీ తాగితేనో చావదు, ఉడికిస్తేనే చస్తుంది. లివర్ జబ్బు ఉన్నవాళ్లకూ, షుగర్ ఉన్నవాళ్లకూ అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లవి ఇంకో రెండు నిమిషాలు ఎక్కువే ఉంచండి.

ఇంకో సంగతి, నన్ను హోటల్లో చాలామంది అడిగేది. మన చెరువుల్లో, కృష్ణ ఒడ్డున దొరికే నల్లటి ఆల్చిప్పలు, మన ఇళ్లల్లో నడుమ బొక్క పెట్టి మామిడికాయ చెక్కు తీసేవి, ఇవీ అవీ ఒకటేనా అని. కాదు. అవి మంచినీటి జాతి, ఇవి ఉప్పునీటివి. చెరువువి తెచ్చి ఇలా కాల్చుకునే ప్రయత్నం చేయకండి. చెరువులో ఏం కలిస్తే అది వాటి ఒంట్లో చేరుతుంది.

పెంక కొనేటప్పుడు మూడు చూడండి. బల్ల మీద పెడితే ఊగకూడదు. 12 అంగుళాలది చేత్తో ఎత్తితే మూడు కిలోలకు తక్కువ అనిపించకూడదు. పిడులు రెండువైపులా ఇనుపవే ఉండాలి, చెక్కవి, ప్లాస్టిక్‌వి కాదు. సంతలో దొరికే రేకు పెంకలు పల్చన, రొట్టెలకు బాగుంటాయి, దీనికి కాదు. తెచ్చాక సబ్బుతో ఒకసారి కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, పల్లినూనె చాలా పల్చగా రాసి, పొగ వచ్చి ఆగేదాకా కాల్చి, చల్లార్చండి. ఇలా నాలుగుసార్లు. నూనె ఎక్కువైతే జిగురు కడుతుంది, రాశాక పొడిగుడ్డతో తుడిచేసినట్టే ఉండాలి. ఇది చేసేటప్పుడు వంటగది కిటికీలు తెరిచిపెట్టండి, పొగ బాగా వస్తుంది.

ఆ పెంక ఏడాదంతా పనికొస్తుంది. ఉప్పు తీసేస్తే అదే పెంక మీద జూరాల చేప, సాగర్ జిలేబి చేప, రొయ్యలు ఏవైనా కాల్చుకోవచ్చు. నా సలహా ఏంటంటే, బావమరిది రావడానికి వారం ముందు దాని మీద రెండుసార్లు చేపలు కాల్చండి. మీ పొయ్యి మీద పెంక ఎక్కడ ఎక్కువ కాగుతుందో, ఎక్కడ తక్కువ కాగుతుందో అప్పుడు చేతికి తెలుస్తుంది.

సరుకు బతికున్నదా, ఫ్రీజ్ చేసినదా అన్నది మీరు రాయలేదు. ఎన్ని డజన్లో కూడా రాయలేదు. రెండు డజన్లు దాటితే ఒక పెంకతో అవదు, అందరూ ఒకేసారి తినాలంటే బొగ్గులకే వెళ్లాలి. అది చెప్తే కుంపటి ఎంత పెద్దది కావాలో కింద రాస్తాను.